చి.ల.సౌ. కైలీకి, పెర్త్ నుంచి ఒక ఉత్తరం

కైలీ అమ్మా,

ఒక పేరుకు ఉత్తరం రాస్తూ చి.ల.సౌ. అని పెట్టాను, ఏమనుకోకు. నువ్వు పడుచుపిల్లవి కావని తెలుసు. మా ఆఫీసులో కైలీలు ముగ్గురు, ముగ్గురూ యాభై దాటినవాళ్లే. మన వైపు ఒక వయసు ఆడవాళ్లలో రాయి విసిరితే సునీతకో అనితకో తగిలినట్టు, 1970ల్లో ఈ ఆస్ట్రేలియా దేశంలో పుట్టిన పిల్లల్లో ఎటు చూసినా నువ్వే. ఇప్పటి ఉయ్యాలల్లో మాత్రం కనపడవు.

నీ పుట్టుపూర్వోత్తరాలు తెలిసి ఉలిక్కిపడ్డాను. దేశంలో ఈ నైరుతి మూలంతా నూంగర్ అనే ఆదివాసుల నేల. వాళ్ల మాటలో కైలీ అంటే బూమరాంగ్. వేటకు విసిరే కర్ర! ఉయ్యాల్లో పాపకు ‘వడిసెల’ అని పేరు పెట్టుకున్నట్టు. (తమిళులకు కైలీ అంటే లుంగీ. ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు, ముగ్గురితోనూ పని పడుతుంది.) తెల్లవాళ్లు నేల తీసుకున్నారు, వస్తూ వస్తూ మాటా తీసుకున్నారు. దాన్నేం చేసుకోవాలో తోచలేదు కాబోలు, కూతుళ్లకు పెట్టుకున్నారు.

రచయిత్రి కైలీ టెనంట్ అసలు పేరు కాథ్లీన్. నువ్వు ఆవిడకు ముద్దుపేరువి. 1968లో మెల్‌బోర్న్‌లో పుట్టిన కైలీ మినోగ్ టీవీ సీరియల్లో మెకానిక్ పిల్లగా వేసి, ఆ పైన పాటలు పాడి, నిన్ను లండన్ దాకా మోసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1988లో, ఇక్కడి కామెడీ షోలో కైలీ మోల్ అనే పెంకి బడిపిల్లను చూసి జనం పడీపడీ నవ్వారు. అంతే, నీకు నాటుపేరన్న ముద్ర పడింది. కామెడీ పాత్రలకు పెట్టి పెట్టి మనం సుబ్బారావును ఏం చేశామో గుర్తుందిగా!

అమెరికా వెళ్లాక నీ హోదా పెరిగింది, కోర్టు వాసన కూడా తగిలింది. 1997లో పుట్టిన రియాలిటీ టీవీ తార కైలీ జెన్నర్, ఉత్త ‘కైలీ’ అన్న మాటనే ట్రేడ్‌మార్క్ చేయించుకోబోయింది. మినోగ్ పక్షం అడ్డుపడింది. 2017లో ఆ అర్జీ వీగిపోయింది. గట్టు తగాదాకు ఇద్దరూ కాగితాలు పట్టుకొచ్చారు గానీ, పొలం అసలెవరిదో వాళ్లకు కబురు పంపినట్టు నేనెక్కడా చదవలేదు.

మొన్న పెర్త్ పక్కనున్న ఫ్రీమాంటిల్‌లో ఒక సావనీర్ కొట్టుకెళ్లాను, మా మేనకోడలికి కీచైన్ కొందామని. పేర్ల స్టాండు గిర్రున తిప్పాను. ఒలివియా, షార్లెట్, ఐలా, అమీలియా... నువ్వు లేవు. మా పిల్ల పేరూ లేదనుకో, అది వేరే బాధ. తలెత్తితే గోడ మీద మేకుకు వేలాడుతున్నావు, కర్రగా, ఒంటి నిండా చుక్కలతో. ధర 15 డాలర్లు. తిప్పి చూస్తే వెనక చిన్న స్టిక్కరు: మేడ్ ఇన్ ఇండోనేషియా.

ఇట్లు,
ఫోనెత్తిన ప్రతిసారీ తన పేరుకు స్పెల్లింగ్ చెప్పుకునే
ఒక తెలుగువాడు