కానుగ మొక్కకు మూడు ఎండకాలాలు

పోయిన ఆదివారం పొద్దున పాలమూరులో ఒక కాలనీ పార్కుకి అక్కడి క్లబ్ వాళ్లు ఒక మొక్క ఇచ్చి, వాళ్లే నాటారు. ఒక్క మొక్కకి సంపాదకీయమా అని అడిగేవాళ్లు ఉంటారు, కానీ నాటిన తీరు చూశాక రాయకుండా ఉండలేకపోయాం. మనిషంత ఎత్తు కానుగ తెచ్చారు, గుంత ముందురోజే తీసి పెట్టారు, అక్కడ కాస్త తవ్వగానే మొరం తగిలితే గడ్డపారతో దాన్నంతా పగలగొట్టి ఎత్తిపోసి, చెరువుమట్టిలో పశువుల ఎరువు కలిపి నింపారు. నల్ల కవర్‌ని బ్లేడుతో కోసి, వేర్ల దగ్గరి మట్టి చెదరకుండా ఒక పెద్దాయన రెండు చేతులతో పట్టుకుని చంటిపిల్లను ఊయల్లో పడుకోబెట్టినట్టు దింపాడు. కవర్‌తో సహా పాతేసిన మొక్కలు మేం ఈ టౌన్‌లోనే చూశాం, అందుకే ఇంతగా చెప్తున్నాం.

కానుగని ఎంచుకోవడం కూడా మంచి పనే. ఎండలు ముదిరేసరికి కొత్త ఆకు తొడిగి దట్టంగా నీడనిస్తది, పశువులు పెద్దగా ముట్టవు, మన మొరం నేలకి అలవాటైన చెట్టు. తొందరగా పచ్చగా కనబడుతదని విదేశీ చెట్టు కోనోకార్పస్‌ని రోడ్ల మధ్యన వరసలు వరసలుగా పెట్టి, తర్వాత వద్దనుకున్నాం కదా, ఆ తప్పు మళ్లీ చేయొద్దు.

తెలంగాణ సర్కారు మొక్కలు నాటే పథకం హరితహారం 2015 జులైలో మొదలైంది, రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలని. 2019 మున్సిపల్ చట్టమైతే బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా రాసింది. చట్టం మంచిదే, కానీ మార్చి దాటాక బిందె ఎత్తేది మనిషే. ఈ క్లబ్ వాళ్లు ఏ వారం ఎవరు నీళ్లు పోయాలో మూడేళ్లకి పేర్లు రాసుకున్నారు, మాకు అన్నిటికంటే నచ్చింది ఆ కాయితమే. మిగతా సంఘాలు కూడా ఒక పూటలో వంద మొక్కలు పెట్టే బదులు పదే పెట్టి, పదింటికీ ఇట్లా పేర్లు రాసుకోవాలని మా కోరిక. మున్సిపాలిటీ కూడా ఎండకాలం పార్కులో నల్లా ఎండిపోకుండా చూడాలి, అది కూడా లేకపోతే పేర్లు రాసుకున్నవాళ్లు ఏం చేస్తారు?

చెట్టుని చూసుకోవడం మన ఊరికి తెలియనిది కాదు. దగ్గర దగ్గర ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే పిల్లలమర్రికి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగితే, 2018లో చెదల మందుని సెలైన్ బాటిళ్లలో పోసి చుక్క చుక్కగా ఎక్కించారు. అంత పెద్ద చెట్టుకే మనిషి చెయ్యి కావాల్సి వచ్చింది, ఇక నిన్నగాక మొన్న గుంతలో దిగినదాని సంగతి చెప్పాలా!

వచ్చే ఏప్రిల్ చివర్లో మేం మళ్లీ ఆ పార్కుకి పోతాం, కానుగ కొత్త ఆకు వేసిందో లేదో చూసి, ఎట్లున్నా సరే ఆ ఫొటో మొదటి పేజీలో వేస్తాం.