సముద్రం మీద కుశల ప్రశ్నలు

సముద్రంలోని గాలిమరలకు మరమ్మతు చేసేవారికి గాలితో ఉన్న బంధుత్వం చిత్రమైనది. గాలి వీస్తేనే మర తిరుగుతుంది. ఆ గాలికే అలలు లేచి మనిషి కడుపూ తిరుగుతుంది. 1991లో డెన్మార్కు తీరాన విండెబీలో ప్రపంచంలోనే మొదటిసారిగా సముద్రంలో పవన విద్యుత్ కేంద్రం వెలసినప్పుడు, దాని 11 మరలూ ఒడ్డున నిలబడితే కనిపించేవి. నేడు ఉత్తర సముద్రంలో కొన్ని కేంద్రాలు తీరానికి 100 కిలోమీటర్లకు పైగా దూరం జరిగిపోయాయి. అంత దూరాన పనిచేసేవారు పెద్ద ఓడలలోనే కాపురముంటారు గానీ, దగ్గరి మరలకు వెళ్లేవారు మాత్రం పొద్దున్నే చిన్న కాటమరాన్ పడవ ఎక్కి, పని మొదలుకాకముందే అలసిపోతారు.

అటువంటి పడవలో ఒక కొత్త సాంకేతిక ఉద్యోగి చేతికి ఆ ఉదయం ఒక ట్యాబ్లెట్ వచ్చింది. ఉద్యోగుల ఆరోగ్యం గురించి నిజంగానే బెంగపడే పైఅధికారి ఎవరో అందులో ఇరవై కుశల ప్రశ్నలు పెట్టారు. రేవులో తీరిక ఉండదు కనుక ప్రయాణంలోనే పూరించాలని నిబంధన కూడా పెట్టారు. ఆ అధికారి ఎన్నడూ పడవ ఎక్కి ఉండరని నా గట్టి నమ్మకం. లోపలి చెవి ‘ఊగిపోతున్నాం’ అని మొరపెట్టుకుంటుండగా, కళ్లు మాత్రం కదలని తెరను చూసి ‘అంతా నిశ్చలం’ అని సాక్ష్యం చెబితే, ఆ తగవును కడుపు తీరుస్తుంది.

మొదటి ప్రశ్న, నిద్ర బాగా పట్టిందా? పట్టింది. రెండవది, వికారంగా ఉందా? లేదని ధీమాగా నొక్కాడు. రేవు గోడ దాటగానే పడవ సుమారు అయిదు సెకన్లకొకసారి లేచి పడసాగింది. మనిషిని అన్నిటికన్నా ఎక్కువగా తిప్పేది సరిగ్గా ఆ ఊపేనని ప్రయోగాలలో ఏనాడో తేలింది. ఏడవ ప్రశ్న దగ్గర అక్షరాలు ఈదసాగాయి. రెండవ ప్రశ్నకు సమాధానం మార్చుదామంటే వెనక్కి వెళ్లే వీలు లేదు.

“అబ్బాయ్, తెర వదిలి దిగంతం వంక చూడు. నెల్సన్ అంతటి నౌకాధిపతికే ఈ బాధ తప్పలేదు,” అన్నాడు పడవ మధ్యన, ఊపు తక్కువగా ఉండే చోటు ముందే చూసుకుని కూర్చున్న పెద్దాయన. వికారాన్ని ఆపే మందు పట్టీని చెవి వెనుక కొన్ని గంటల ముందే అంటించుకోవాలని కూడా ఆయన అప్పుడే సెలవిచ్చాడు. కుర్రవాడి దృష్టి మాత్రం సంచీ మీద ఉంది. వాంతి సంచీ ప్యాంటు జేబులో ఉంది; ప్యాంటు మీద మెడ దాకా జిప్పు బిగించిన నీరు చొరని సూటు ఉంది; దాని మీద నడుముకు, తొడలకు బిగించిన పట్టీలు, ఆపైన లైఫ్ జాకెట్ ఉన్నాయి. ప్రాణాన్ని ఇంత భద్రంగా మూటగట్టిన తరువాత జేబులోకి చేయి దూరే దారి ఎక్కడిది? మింగలేక, కక్కలేక అనే మాటను అతడు అక్షరాలా అనుభవించాడు. చివరికి దొరికింది పెద్దాయన హెల్మెట్.

మర దగ్గర పడవ ముక్కును స్తంభానికి ఆనించి, ఇంజన్ల బలంతో అదిమిపట్టి, ఒక్కొక్కరినే నిచ్చెన మీదికి పంపుతారు. తూలేవాణ్ణి ఆ ఒక్క అడుగు వేయనివ్వడం ప్రమాదం కనుక కెప్టెన్ అతణ్ణి ఆపేశాడు. హెల్మెట్ లేకుండా నిచ్చెన ఎక్కనివ్వరు కనుక, పెద్దాయన పడవలోని అదనపు హెల్మెట్ పెట్టుకుని, వెనక్కి చూడకుండా పైకి వెళ్లిపోయాడు. ఇక ఈ శిక్షలోని న్యాయం చూడండి: ఆరోగ్యంగా ఉన్నవారంతా కదలని మెట్ల మీదికి చేరారు, ఊపు పడనివాడొక్కడే ఊపులో మిగిలాడు. పైగా ఆగి ఎదురుచూసే పడవ, పరుగెత్తే పడవ కన్నా ఎక్కువగా పొర్లుతుంది.

సాయంత్రం నూనె మరకలతో, నొప్పెడుతున్న భుజాలతో దిగివచ్చిన వారు, బల్ల మీద వెల్లకిలా పడి ఉన్న అతణ్ణి చూసి అసూయపడ్డారు.

“నీకేంలే, రోజంతా పడుకున్నావు!”