మేకన్‌ను దెబ్బతీసింది బైపాస్ కాదు

అట్లాంటా ఉత్తర శివార్లలోని కమింగ్, ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవులకు పిల్లలను ఓర్లాండో తీసుకువెళ్లాలంటే పట్టే దారి దాదాపు ఒక్కటే, రాష్ట్రాలను కలిపే పెద్ద రహదారుల్లో ఒకటైన ఇంటర్‌స్టేట్ 75. అట్లాంటా నడిబొడ్డు దాటిన సుమారు 70 మైళ్లకు, 177వ ఎగ్జిట్ (రోడ్డు దిగే చోటు) దగ్గర ఆ రోడ్డు రెండుగా చీలుతుంది. 75 జార్జియా రాష్ట్రంలోని మేకన్ నగరంలోకి వెళ్తుంది. బైపాస్ అయిన 475 నగరానికి పడమటి పక్కగా పోయి 156వ ఎగ్జిట్ దగ్గర మళ్లీ 75లో కలుస్తుంది. జార్జియాలో 2000 నుంచి ఎగ్జిట్లకు మైళ్ల లెక్కన నంబర్లు వేస్తున్నారు కాబట్టి ఏ దారి దగ్గరో తేల్చుకోవడానికి జీపీఎస్ అక్కర్లేదు: 177లోంచి 156 తీసేస్తే 21 మైళ్లు, బైపాస్ మీద అదే ప్రయాణం 16 మైళ్లలోపు. ఫ్లోరిడా వెళ్లే వాళ్లెవరూ ఊళ్లోకి ఎందుకు వెళ్లరో ఈ తీసివేత ఒక్కటే చెప్పేస్తుంది.

బైపాస్ మీద 15, 9, 5, 3 నంబర్ల ఎగ్జిట్లు వరుసగా వస్తాయి. ఒక్కోదానికి ముందు నీలం బోర్డు, దాని మీద గ్యాస్ స్టేషన్ల, బర్గర్ దుకాణాల, మోటళ్ల గుర్తులు. ఒక్కో బోర్డుకు ఆరుకు మించకూడదని నిబంధన. రోడ్డుకు రెండు వైపులా పైన్ చెట్లే. 2020 జనాభా లెక్కల ప్రకారం 1,57,000 మందికి పైగా ఉన్న నగరం, గాయకులు ఓటిస్ రెడింగ్ పెరిగిన ఊరు, లిటిల్ రిచర్డ్ పుట్టిన ఊరు ఆ చెట్ల వెనకే ఉందన్న ఆనవాలు ఆ పావుగంటలో ఎక్కడా దొరకదు. అందుకే బైపాస్ పడితే ఊరు పోయినట్టేనని, వచ్చే పోయే బండి ఆగకపోతే వ్యాపారం ఎండిపోతుందని అందరూ అనే మాటకు మేకన్ చక్కటి ఉదాహరణలా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో మేకన్ చెబుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధమైన సంగతి. ఆ ఊరికి జరిగిన నష్టంలో పక్కనుంచి పోయిన రోడ్డు వాటా చిన్నది; పెద్ద వాటా ఊరి మధ్య నుంచి వేసిన రోడ్డుదీ, ఆ రోడ్ల ఎగ్జిట్లు వ్యాపారాన్ని ఎక్కడికి లాక్కుపోయాయన్న దానిదీ.

ఎగ్జిట్ దగ్గర దుకాణాలు పుట్టుకురావడం సహజమని మనం అనుకుంటాం. దాని వెనక ఒక చట్టం ఉంది. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన ఫెడరల్ రహదారుల చట్టం ఇంటర్‌స్టేట్ల నిర్మాణ ఖర్చులో 90 శాతం కేంద్రం భరిస్తుందని చెప్పింది. దానితోపాటు ఇంటర్‌స్టేట్ హద్దుల్లోపల పెట్రోలు, తిండి అమ్మే వ్యాపారాలకు చోటివ్వరాదని కూడా చెప్పింది. ప్రభుత్వ భూమిలో ఒక్కరికే దుకాణం కట్టబెడితే పక్క ఊళ్ల వ్యాపారులు దెబ్బతింటారన్నది అప్పటి భయం. అందుకే ఈనాటికీ ఇంటర్‌స్టేట్ రెస్ట్ ఏరియాలో ఆగితే మరుగుదొడ్డి, మంచినీళ్లు, రోడ్డు మ్యాపు, చిప్స్ అమ్మే యంత్రం తప్ప ఏమీ ఉండవు. ఆ యంత్రాలు పెట్టుకునే అవకాశం కూడా ముందుగా అంధులైన వ్యాపారులకే ఇవ్వాలని ఇంకో చట్టం ఉంది. అమెరికా రోడ్ల మీద నాకు నచ్చే అరుదైన నిబంధనల్లో అదొకటి.

ఇదే ప్రయాణంలో తేడా కళ్లకు కడుతుంది. ఫ్లోరిడాలో వైల్డ్‌వుడ్ దగ్గర 75 వదిలి టర్న్‌పైక్ ఎక్కగానే ఒకహంప్కా దగ్గర రోడ్డు దిగకుండానే పెట్రోలు, కాఫీ, భోజనం దొరికే సర్వీస్ ప్లాజా వస్తుంది. అది ఇంటర్‌స్టేట్ కాని టోల్ రోడ్డు, కనుక నిషేధం దానికి వర్తించదు. మన దగ్గర జాతీయ రహదారుల సంస్థ కొత్త ఎక్స్‌ప్రెస్‌వేల పక్కన సొంత స్థలంలోనే హోటళ్లు, బంకులు కట్టిస్తున్నది ఈ రెండో పద్ధతిలోనే. ప్రయాణికుడికి అది సుఖం. సూర్యాపేటలో టిఫిన్ హోటల్ నడుపుకునే వాడికి ఎంత సుఖమన్నది వేరే లెక్క.

అయితే చిన్న వ్యాపారిని కాపాడదామని చేసిన నిషేధం ఆచరణలో ఎవరికి మేలు చేసింది? రోడ్డు మీద అమ్మకూడదు కాబట్టి రోడ్డు దిగగానే ఉన్న మొదటి నాలుగు మూలల స్థలాలకు విపరీతమైన విలువ వచ్చింది. ఆ ధర పెట్టగలిగింది గొలుసు కంపెనీలే. మేకన్ దాటిన తర్వాత 144వ ఎగ్జిట్ దగ్గర 2020లో బక్-ఈజ్ అనే టెక్సస్ కంపెనీ జార్జియాలో తన మొదటి దుకాణం తెరిచింది. వందకు పైగా పెట్రోలు పంపులు, సూపర్ మార్కెట్‌ను తలదన్నే హాలు, అద్దంలా తుడిచిన మరుగుదొడ్లు. పెద్ద ట్రక్కులను ఆవరణలోకి రానివ్వరు, ఎందుకంటే వాళ్లకు కావలసింది పిల్లలతో కారులో వెళ్లే కుటుంబం. మేకన్ డౌన్‌టౌన్‌లోని ఏ చిన్న హోటలూ ఆ కుటుంబాన్ని ఇరవై మైళ్లు వెనక్కి లాగలేదు. ఊళ్లోంచి పోయే 75 ఒక్కటే ఉండి, 475 అసలు లేకపోయినా లాగలేకపోయేది. ఆ కారు ఊరి మీదుగా 70 మైళ్ల వేగంతో దూసుకుపోయి, అదే 144 దగ్గర ఆగేది. బైపాస్ ఎత్తేస్తే వ్యాపారం తిరిగొస్తుందన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.

మేకన్ వ్యాపారాన్ని నిజంగా కదిలించింది దారిన పోయేవాళ్లు కాదు, ఊళ్లోవాళ్లే. ఇంటర్‌స్టేట్ పడ్డాక డౌన్‌టౌన్‌కు వెళ్లడం కంటే ఏదో ఒక ఎగ్జిట్‌కు వెళ్లడం స్థానికుడికి తేలికైంది. 1975లో మేకన్ మాల్ తెరిచారు. అది ఉన్నది 75 మీద 162వ ఎగ్జిట్‌నూ 475 మీద 3వ ఎగ్జిట్‌నూ కలిపే ఐసెన్‌హోవర్ పార్క్‌వే మీద. ఇంటర్‌స్టేట్లకు ప్రాణం పోసిన అధ్యక్షుడి పేరు పెట్టుకున్న రోడ్డు డౌన్‌టౌన్ దుకాణాలను ఖాళీ చేయించడంలో ముందు నిలవడం విధి పరిహాసం. ఆ మాల్ వైభవమూ ఎక్కువ కాలం నిలవలేదు. నగరం ఉత్తరానికి పెరిగింది. 475 మీద జెబులన్ రోడ్ ఎగ్జిట్, 75 మీద బాస్ రోడ్, ఆర్క్‌రైట్ రోడ్ ఎగ్జిట్లు డబ్బున్న కొత్త కాలనీలకు దగ్గరయ్యాయి. 2008లో ఉత్తరాన రివర్ క్రాసింగ్ షాపింగ్ సముదాయం రాగానే పాత మాల్‌లోని పెద్ద దుకాణాలు ఒక్కొక్కటిగా జారుకున్నాయి. డౌన్‌టౌన్‌ను మింగిన ఎగ్జిట్‌ను మరో ఎగ్జిట్ మింగింది. చివరికి ఆ మాల్ స్థానిక ప్రభుత్వ చేతికి వచ్చింది. లోపల దుకాణాలున్న చోట టెన్నిస్ లాంటి ఆట అయిన పికిల్‌బాల్‌కు 32 కోర్టులు వేశారు, ఆవరణలో సుమారు 10,000 మంది పట్టే ఆరుబయట రంగస్థలం కట్టి 2024లో తెరిచారు. ప్రయోగం బాగానే ఉంది, కాదనను. కానీ వచ్చే మనిషి కారులో ఎగ్జిట్ దిగి, పాట విని, మళ్లీ ఎగ్జిట్ ఎక్కి వెళ్లిపోయే ఏర్పాటు అది కూడా. 2014లో నగరాన్నీ బిబ్ కౌంటీనీ ఒకే పాలనలో కలపడం వల్ల ఒక మేలు జరిగింది: ఏ ఎగ్జిట్ గెలిచినా పన్ను ఒకే ఖజానాకు చేరుతుంది.

ఇదంతా డబ్బుకు సంబంధించిన నష్టం, కొంత పూడ్చుకోవచ్చు. పూడ్చుకోలేనిది 164, 165 ఎగ్జిట్ల మధ్య జరిగింది. అక్కడ ప్లెజంట్ హిల్ అనే పేట ఉంది. వేరు వేరు పేటల్లో బతకాలని చట్టమే శాసించిన కాలంలో నల్లజాతి ఉపాధ్యాయులు, పాస్టర్లు, చేతిపనివాళ్లు ఇళ్లు కట్టుకుని నిలబెట్టుకున్న పేట; లిటిల్ రిచర్డ్ బాల్యం గడిచిందీ అక్కడే. 1960లలో 75ను సరిగ్గా దాని మధ్య నుంచి తీశారు. ఒకే పేటలోని వీధులు గోడలకు అటూ ఇటూ తెగిపోయి, చర్చి ఒక వైపు, ఇళ్లు మరో వైపు మిగిలాయి. ఇలాంటి కథ మేకన్‌లోనే కాదు, మయామీలో, న్యూ ఆర్లియన్స్‌లో, అమెరికాలో ఎన్నో నగరాల్లో జరిగింది. నూటికి తొంభై కేంద్రం ఇస్తున్నప్పుడు ఎదురు చెప్పే స్థానిక నాయకుడు ఉండడు. భూమి చౌకగా దొరికేదీ, యజమానుల మాటకు విలువ లేనిదీ ఎక్కడంటే అక్కడి నుంచి గీత పోతుంది. మేకన్‌కే మరో గాయం నదీ తీరంలో ఉంది. వెయ్యేళ్ల నాటి మూలవాసులు నిర్మించిన ఓక్మల్గీ మట్టిదిబ్బల్లో పెద్దది ఎక్కి చూస్తే, నదికీ దిబ్బకూ మధ్య సవానా వైపు పోయే ఇంటర్‌స్టేట్ 16 మీద ట్రక్కులు పరిగెడుతుంటాయి.

ఈ మధ్యకాలంలో 16, 75 కలిసే కూడలిని భారీగా విస్తరించే పని చేపట్టారు. దానివల్ల ప్లెజంట్ హిల్‌కు మళ్లీ నష్టం జరుగుతుంది కనుక పరిహారంగా కొన్ని ఇళ్లను కొత్త స్థలాలకు తరలించారు, పార్కు లాంటి సౌకర్యాలు కల్పించారు, లిటిల్ రిచర్డ్ పెరిగిన ఇంటిని కూడా తరలించి పేటవాళ్లకు ఉపయోగపడే కేంద్రంగా మార్చారు. చేసినవాళ్ల చిత్తశుద్ధిని శంకించనక్కర్లేదు. అయినా అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఆ రోడ్డు అక్కడే ఇంటర్‌స్టేట్‌గా ఎందుకు ఉండాలి?

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్ ఈ ప్రశ్న వేసుకుంది. మేకన్‌తో సరిపోలే జనాభా ఉన్న ఆ నగరంలో ఇంటర్‌స్టేట్ 81 మీది 1.4 మైళ్ల వంతెన రోడ్డు ఒకప్పటి నల్లజాతి పేటను తుడిచిపెట్టి కట్టినదే. దాన్ని కూల్చి మామూలు వీధిగా మార్చే పని 2023లో మొదలైంది. దూరప్రయాణం చేసే బండ్లను ఊరి పక్కనున్న 481కి మళ్లించి, 81 అన్న నంబరును ఆ బైపాస్‌కే ఇస్తున్నారు. అంటే అక్కడ ఊరిని కాపాడే సాధనం బైపాసే.

మేకన్‌లో దీన్ని యథాతథంగా చేయలేరు, కారణం 16. సవానా ఓడరేవు నుంచి అట్లాంటాకు కంటైనర్లు మోసే ట్రక్కులు 16 చివర దాకా వచ్చి 75 ఎక్కి ఉత్తరానికి పోవాలి. కనుక 165 నుంచి 177 దాకా ఉన్న భాగాన్ని ముట్టుకోలేం. కానీ 165కు దక్షిణాన 156 దాకా ఉన్న తొమ్మిది మైళ్ల సంగతి వేరు. ఓడరేవు నుంచి అట్లాంటా వెళ్లే ట్రక్కుకు ఆ భాగంతో పనిలేదు, ఫ్లోరిడా వెళ్లే బండి ఎలాగూ 475 మీదే పోతుంది, మిగిలేది ప్రధానంగా స్థానికుల రాకపోకలు. వాటికి గంటకు 35 మైళ్ల వేగంతో సిగ్నళ్లున్న విశాలమైన వీధి చాలు. ప్లెజంట్ హిల్ తెగినది ఈ భాగం మొదట్లోనే. 160, 162 ఎగ్జిట్ల దగ్గరి గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు అభ్యంతరం చెబుతాయి, దక్షిణం నుంచి ఆసుపత్రులకు వచ్చేవాళ్లకు నాలుగైదు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ అభ్యంతరాలను తూచవలసిందే. కూడలి విస్తరణకు గీతలు గీసేటప్పుడే ఈ తూకం జరిగి ఉంటే, అటు దక్షిణానికి తిరిగే ర్యాంపులను అంత వెడల్పున కట్టవలసిన అవసరమే వచ్చేది కాదు.