పదహారు అక్షరాల పారాయణం

హోస్ట్ బస్ అడాప్టర్ అనే మహనీయ వస్తువును చులకన చేసే ఉద్దేశం నాకు లేదు. అరచేయంత కార్డు సెకనుకు 32 గిగాబిట్ల వేగంతో సర్వరుకూ స్టోరేజీకీ మధ్య డేటాను మోస్తూ, ఫైబర్ ఛానల్ (సర్వర్లనూ స్టోరేజీనీ కలిపే నెట్‌వర్క్) వ్యవహారమంతా ప్రాసెసరుకు భారం కాకుండా తానే చూసుకుంటుంది. ప్రతి పోర్టుకూ పుట్టుకతోనే 64 బిట్ల పేరు, అంటే పదహారు హెక్సాడెసిమల్ అంకెల (0 నుంచి 9, ఆపై ఏ నుంచి ఎఫ్) డబ్ల్యూడబ్ల్యూపీఎన్ (వరల్డ్ వైడ్ పోర్ట్ నేమ్) ఉంటుంది. స్విచ్‌లో ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో తేల్చే జోనింగుకైనా, స్టోరేజీలో ఏ డిస్కు ఏ సర్వరుకు కనిపించాలో తేల్చే లన్ మాస్కింగుకైనా సాధారణంగా ఆ పేరే ఆధారం. కార్డు పోతే పేరూ దానితోపాటే కాటికి పోతుంది; కొత్త కార్డు పేరును ఆ రెండు చోట్లా మళ్లీ రాయించాలి.

కొత్త కార్డు బిగించడానికి పది నిమిషాలు చాలు. దాని పేరు చెప్పడానికే తెల్లవారుతుంది.

అర్ధరాత్రి, ఫ్యాన్ల హోరులో, ఒక చేత్తో కార్డూ మరో చేత్తో ఫోనూ పట్టుకున్న ఇంజనీరు చీమతలకాయంత అక్షరాల స్టిక్కరును చదువుతుంటాడు.

"బీ."

"డీనా?"

"బీ అండీ, బీ ఫర్ బాయ్."

"తర్వాత ఓనా, సున్నానా?"

హెక్సాడెసిమల్‌లో ఓ అన్న అక్షరమే లేదని ఆ వేళప్పుడు ఇద్దరికీ గుర్తుండదు.

"మధ్యలో చుక్కలు పెట్టాలా?"

"స్విచ్‌కి పెట్టాలి, స్టోరేజీకి వద్దు."

ఇద్దరికీ చుక్కలు కనిపించాక, కార్డుకు రెండో పోర్టు కూడా ఉందన్న సంగతి బయటపడుతుంది.

కార్డు బిగించి కేబుల్ పెడితే స్విచ్‌లోని నేమ్ సర్వరే ఆ పేరును తప్పు లేకుండా చూపిస్తుంది కదా, అక్కడి నుంచి కాపీ చేసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగకూడదు. మార్పు అనుమతి పత్రంలో పేరు ముందే నింపకపోతే కార్డు బిగించే అనుమతే రాదు.

ఒక్క అంకె తప్పు పడినా ఆ రాత్రి ఏమీ తెలియదు. స్టోరేజీకి రెండు దారులుంచే మల్టీపాత్ పుణ్యమా అని సర్వరు ఒంటికాలి మీద నడిచిపోతుంది. మూడు నెలల తర్వాత ఎవరో ఆ మిగిలిన దారిలోని రెండో స్విచ్ ఫర్మ్‌వేర్ మార్చినప్పుడు డేటాబేస్ కుప్పకూలుతుంది. అప్పుడు వచ్చే నివేదికలో కారణం "మానవ తప్పిదం". ఏ మానవుడిది? నిద్రమత్తులో పదహారు అంకెలు చదివినవాడిదా, చదివించే పత్రం తయారుచేసి హాయిగా నిద్రపోయినవాడిదా? కార్డుకు కాక సర్వర్ ప్రొఫైలుకే పేరు కట్టే పద్ధతి బ్లేడ్ సర్వర్లలో ఏళ్ల తరబడి ఉంది. అది కొనమంటే డబ్బు దండగ అన్నది కూడా ఆ నిద్రపోయినవాడే! అయినా సంజాయిషీ మాత్రం చలిలో నిలబడ్డవాడే రాసుకోవాలి.

నివేదిక చివర నివారణ చర్య కూడా ఉంది: "ఇకపై పేరును రెండుసార్లు బిగ్గరగా చదవవలెను."