పిక్కల కాలానికి అందని అప్పు

ఏప్రిల్ వస్తే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల నుంచి జీడి పిక్కలు పప్పు తీసే షెడ్లున్న పలాస, కాశీబుగ్గ దారి పడతాయి. జూన్ దాటితే రాక పలచబడుతుంది. ఆ రెండు మూడు నెలల్లో 80 కిలోల బస్తాలు కొని గోదాము నింపుకున్నవాడి షెడ్డులోనే ఏడాది పొడవునా పని ఉంటుంది, పిక్కలు కొట్టే ఆడవాళ్లకు కూలి ఉంటుంది. ఫిబ్రవరిలో బ్యాంకులో అప్పుకు పెట్టుకున్న దరఖాస్తుకు శ్రావణమాసంలో లిమిట్, అంటే వాడుకోదగ్గ అప్పు హద్దు, మంజూరైతే అతను దాంతో ఏం కొనాలి?

చిన్న పరిశ్రమలకు బ్యాంకులు అప్పే ఇవ్వడం లేదని మేం అనడం లేదు. తనఖా లేని రుణాలకు పూచీ పడే కేంద్ర నిధి 2000లోనే ఏర్పడింది. 2025 ఏప్రిల్ నుంచి దాని హద్దు 10 కోట్లకు పెరిగింది. ముద్ర రుణాలూ ఉన్నాయి. మా ఫిర్యాదల్లా అప్పును లెక్కగట్టే తీరు మీద, అది చేతికి వచ్చే నెల మీద.

చిన్న యూనిట్ల నిర్వహణ పెట్టుబడికి, అంటే సరుకు కొని పని నడిపే డబ్బుకు, బ్యాంకులు వాడే సూత్రం రిజర్వ్ బ్యాంకు వేసిన నాయక్ కమిటీ నాటిది. ఏడాది అమ్మకాల అంచనాలో 20 శాతం అప్పుగా ఇస్తారు, మరో 5 శాతం యజమాని తెచ్చుకోవాలి. డబ్బు ఏడాదికి నాలుగుసార్లు తిరిగి వస్తుందన్నది దీని వెనకున్న ఊహ. బోల్టులు చేసేవాడికి అది సరిపోవచ్చు. మూడు నెలల్లో కొని ఏడాదంతా అమ్ముకునే జీడిపప్పు వ్యాపారికి ఎలా సరిపోతుంది?

ఏడాదికి 2 కోట్లు అమ్మే యూనిట్‌ను ఊహించుకోండి. సూత్రం ప్రకారం 40 లక్షలు వస్తాయి. అమ్మకాల్లో ముప్పాతిక వంతు పిక్కల ఖరీదే అనుకుంటే, ఆరు నెలల సరుకుకే 75 లక్షలు కావాలి. తేడా 35 లక్షలు. అది బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 70 వేలు వడ్డీకే పోతాయి. అది తేలేనివాడు సరుకు కొద్దికొద్దిగా కొంటాడు, తర్వాత ఆఫ్రికా పిక్కల కోసం దిగుమతిదారు చెప్పిన ధరకు తల ఊపుతాడు. సీజన్‌లో కొనేవాళ్లు తగ్గితే రైతుకు ధర ఎవరు చెబుతారు? చేతిలో నగదున్న నలుగురే. బస్తా ధర గిట్టుబాటు కావడం లేదని ఉద్దానం రైతు ఏటా మొత్తుకుంటాడు. ఆ మొత్తుకోలుకు బ్యాంకు కౌంటర్‌తో ఇంత సంబంధం ఉందని ఎవరూ అనుకోరు.

నిజానికి ఆ 20 శాతం కనీస మొత్తం. డబ్బు తిరిగి రావడానికి ఎక్కువ కాలం పట్టే వ్యాపారానికి ఎక్కువ ఇవ్వొచ్చు. సీజన్‌కు ఒక లిమిట్, మిగతా నెలలకు మరో లిమిట్ పెట్టే పద్ధతి కూడా బ్యాంకింగ్‌లో కొత్తేమీ కాదు. కానీ కిందికి వచ్చేసరికి ఆ కనీసమే గరిష్ఠమై కూర్చుంటోంది. గోగునార కొనే విజయనగరం వ్యాపారికి నెలలు వేరు కావొచ్చు గానీ చిక్కు ఇదే. బుడితి ఇత్తడి పనివారికి ఇంత లెక్క అక్కర్లేదు, చిన్న మొత్తం చాలు. 10 లక్షల వరకు చిన్న యూనిట్లను తనఖా అడగొద్దని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. అయినా ఇంటి కాగితాలు ఉన్నాయా అన్నదే మొదటి ప్రశ్న. ఆ ఇల్లేమో తాత పేరు మీద, పంపకాలు కాకుండా ఉంటుంది.

మేనేజర్ భయం కూడా అర్థం చేసుకోదగ్గదే. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి అవుతుంది, సంజాయిషీ ఆయన ఇచ్చుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి జీడితోటలను కూల్చేసిన సంగతి ఏ బ్యాంకూ మరిచిపోలేదు. సరుకు కోసమిచ్చిన సీసీ (క్యాష్ క్రెడిట్) డబ్బుతో ప్లాట్లు కొన్న యజమానులూ ఈ జిల్లాలో ఉన్నారు, దాచడం దేనికి. కానీ నెలనెలా సరుకు లెక్క (స్టాక్ స్టేట్‌మెంట్) తీసుకునే బ్యాంకు గోదాములో బస్తాలు ఎన్నున్నాయో వెళ్లి చూసుకోవచ్చు. ఇంటి కాగితం కన్నా ఆ బస్తాలే తొందరగా డబ్బవుతాయి.

25 లక్షల వరకు దరఖాస్తుల్ని 14 పనిదినాల్లో తేల్చాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. జిల్లా బ్యాంకర్ల సమీక్షల్లో మాత్రం వార్షిక రుణ ప్రణాళికలో ఎంత శాతం పూర్తయిందన్నదే వినిపిస్తుంది. ఏ నెలలో ఎంత ఇచ్చారో, జీడి యూనిట్ల దరఖాస్తులు ఎన్ని రోజులు బల్ల మీద ఉన్నాయో కలెక్టర్ అడగాలి. పిక్కలు రాకముందే, అంటే మార్చిలోపు జరిగే సమావేశంలోనే అడగాలి. మేలో అడిగితే ఆ ఏడాది సీజన్ సగం అయిపోయినట్టే.