పన్నెండు కొట్టేలోపు పుణ్యం

జర్మనీలో బవేరియా రాష్ట్రానికి రాజధాని అయిన మ్యూనిక్‌ను రెండు రోజుల్లో చూసి వచ్చామంటే పెదవి విరిచే పెద్దమనుషులు కొందరుంటారు. బవేరియా తిండీ, బీరూ, ఆచారాలూ ఒంటబట్టాలంటే కనీసం ఒక చలికాలమైనా అక్కడ కాపురం ఉండాలని వీరి సిద్ధాంతం. ఇది బొత్తిగా నిలవని వాదన. కాపురం ఉన్నవాళ్లు పొద్దున్నే రైలెక్కి ఆఫీసుకు వెళ్తారు, సాయంత్రం ఇంటికొచ్చి కుక్కరులో పప్పు పెట్టుకుంటారు. ఆచారాలను తు.చ. తప్పకుండా పాటించేది మర్నాడు విమానం ఉన్నవాడే. పైగా ఆ నగరం తన సంప్రదాయాలన్నిటినీ గడియారానికి కట్టి ఉంచింది. వేళ తెలిస్తే చాలు, సంస్కృతి దానంతట అదే వచ్చి మీద పడుతుంది.

మొదటి విధి వైస్‌వుర్స్ట్. లేత దూడమాంసం, పంది కొవ్వు, పార్స్‌లీ ఆకు, నిమ్మతొక్క కలిపి పేగులో కూరిన తెల్లటి సాసేజ్. దీని చెవిన మధ్యాహ్నం పన్నెండు గంటలు పడకూడదని నియమం. వినకూడనిది సాసేజ్ అని గమనించాలి, తినేవాడు నిరభ్యంతరంగా వినవచ్చు. ఇది 1857 ఫిబ్రవరి 22న పుట్టిందని ఊరు చెప్పుకుంటుంది. నగరం నడిబొడ్డున మారియన్‌ప్లాట్స్ చౌకులో ఒక సత్రం యజమానికి సన్నటి గొర్రె పేగులు అయిపోయాయట. లావుపాటి పంది పేగుల్లో కూరి, వేయిస్తే పగులుతాయేమోనని భయపడి వేడినీళ్లలో ఉడికించాడట. చరిత్రకారులు ఈ కథను నమ్మరు. ఊరు చరిత్రకారులను నమ్మదు. ఫ్రిజ్ లేని కాలంలో పొద్దున కూరిన పచ్చి సాసేజ్ మధ్యాహ్నం దాటితే పాడవుతుంది కాబట్టి ఆ నియమం వచ్చింది. ఫ్రిజ్ వచ్చాక కూడా పోలేదు. దీన్ని మూఢనమ్మకం అనడానికి వీల్లేదు. మూఢనమ్మకాలు మనకుంటాయి, యూరప్‌కు ఉండేవి సంప్రదాయాలు.

తినే పద్ధతి కూడా శాస్త్రోక్తమే. పింగాణీ గిన్నెలో, వేడినీళ్లలో తేలుతూ జంటగా వస్తాయి. పై పొర తినకూడదు. మర్యాదస్థులు కత్తితో నిలువునా గీసి, ఫోర్కుతో తొక్క ఒలిచి, లోపలిది తింటారు. నిష్ఠాపరులు మాత్రం చివర కొరికి, రసాల మామిడిపండును జుర్రినట్లు జుర్రి, పీల్చిన తొక్కను పళ్లెం అంచున పెడతారు. నూజివీడు చుట్టుపక్కల పెరిగినవారికి ఈ విద్య వేరే నేర్పనక్కర్లేదు. అసలు పరీక్ష పక్కనున్న ఆవముద్దతో వస్తుంది. అది తియ్యగా ఉంటుంది. ఆవ అంటే ముక్కుకెక్కి కళ్ల నీళ్లు తెప్పించాలని నమ్మి బతికిన గోదావరి మనిషి నమ్మకాలు కదిలిపోయే ఘట్టం అది. తోడుగా ఉప్పు పలుకులు అద్దిన బ్రెట్సెల్ అనే ముడి రొట్టె, పొడవాటి గ్లాసులో అరలీటరు గోధుమ బీరు. పొద్దున పదింటికి. ఇదే పని మన ఊళ్లో చేస్తే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి. అక్కడ దీన్ని ఉపాహారం అంటారు.

సరిగ్గా ఇక్కడే యాత్రికుడికి ధర్మసంకటం. అదే మారియన్‌ప్లాట్స్‌లో కొత్త టౌన్‌హాలు గోపురం మీద, 1908లో బిగించిన గంటల గడియారం పదకొండింటికి ఆట మొదలుపెడుతుంది. సాసేజ్ వదిలి బొమ్మలు చూడాలా, బొమ్మలు వదిలి సాసేజ్ పీల్చాలా? పన్నెండింటి ఆట ఉంది కదా అని ఊరడిల్లవచ్చు, కానీ అప్పటికి సాసేజ్ గడువు ముగుస్తుంది. మొత్తానికి వందలాది మంది మెడలు వెనక్కి వాల్చి, ఫోన్లు పైకెత్తి నిలబడతారు. గంటలు చాలాసేపు మోగుతాయి. బొమ్మలు కదలవు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగిపోతున్న సమయంలో పై అంతస్తులో 1568 నాటి డ్యూక్ అయిదో విల్‌హెల్మ్ పెళ్లి మొదలవుతుంది. ఆడపెళ్లివారి లొరేన్ వీరుడూ, మగపెళ్లివారి బవేరియా వీరుడూ గుర్రాల మీద ఎదురెదురుగా వస్తారు. లొరేన్ వీరుడు వెనక్కి ఒరిగిపోతాడు. శతాబ్దం దాటినా అతను ఒక్కసారి కూడా గెలవలేదు, రేపు గెలిచే సూచనలూ లేవు. ఆడపెళ్లివారి పరిస్థితి ఎక్కడైనా ఒకటేనని తేల్చుకుని జనం చప్పట్లు కొడతారు.

ఈ పెళ్లికొడుకును గుర్తుపెట్టుకోవాలి. ఇతని తాత నాలుగో విల్‌హెల్మ్, తమ్ముడితో కలిసి 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో సుప్రసిద్ధమైన బీరు శుద్ధి శాసనం చేశాడు. బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్లు తప్ప బీరులో మరేదీ పడకూడదు. గోధుమ రొట్టెకు కావాలి కనుక బీరుకు పనికిరాదు. ఇంత పవిత్రమైన శాసనం చేసినవాడే 1548లో ఒక సామంత కుటుంబానికి గోధుమ బీరు కాచుకోవడానికి ప్రత్యేకానుమతి ఇచ్చాడు. ఆ వంశం అంతరించగానే, 1602లో, మన పెళ్లికొడుకు కొడుకు మాక్సిమిలియన్ ఆ హక్కును తన ఖజానాలో కలిపేసుకుని గోధుమ బీరు మీద గుత్తాధిపత్యం నడిపాడు. కంచే చేను మేసింది, మేసి బాగా లాభపడింది కూడా. పొద్దున మనం సాసేజ్‌తో భక్తిగా పుచ్చుకున్న పానీయం వెనక ఇంత ధర్మనిష్ఠ ఉంది.

ఆ శాసనంలో ఇంకో భాగం కూడా ఉంది. అసలు ముందుగా కనిపించేది అదే. మాస్ బీరు, అంటే సుమారు లీటరు మగ్గు, ఒకటి రెండు ఫెనిగ్ నాణేలకు మించి అమ్మకూడదన్న ధరల పట్టిక. పదార్థాల భాగాన్ని నేటికీ సీసాల మీద గర్వంగా అచ్చు వేసుకుంటారు. ధరల భాగాన్ని అంతకంటే భద్రంగా మరిచిపోయారు. 2025లో అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు జాతరలో కొన్ని గుడారాల్లో మాస్ 15 యూరోలు దాటింది. సంప్రదాయాన్ని కాపాడటమంటే ఏ సగాన్ని కాపాడాలో తెలిసి ఉండటం.

ఇక పెళ్లికొడుకుగారి స్వంత ఘనకార్యం హోఫ్‌బ్రాయ్‌హౌస్ అనే బీరు శాల. దివాణంలో బీరు ఖర్చు తడిసి మోపెడవుతోందని, బయటి ఊళ్ల నుంచి తెప్పించుకునే బదులు 1589లో సొంత బట్టీ పెట్టుకున్నాడు. 1828లో ఒకటో లుడ్విగ్ రాజు దాన్ని జనానికి తెరిచాడు. ఈ లుడ్విగ్ యువరాజుగా ఉండగా 1810 అక్టోబరులో చేసుకున్న పెళ్లి వేడుకలే అక్టోబర్‌ఫెస్ట్‌గా మిగిలాయి. అదిప్పుడు వాతావరణం బాగుంటుందని సెప్టెంబరులోనే మొదలవుతుంది. చూడబోతే బవేరియా సంప్రదాయాల్లో సగం ఈ రాజుల, అంటే విటెల్స్‌బాఖ్ వంశం వారి పెళ్లి ఖర్చూ, మిగతా సగం వారి బీరు ఖర్చూ. ఆ ఖర్చును ఇప్పుడు యాత్రికులు శ్రద్ధగా భరిస్తున్నారు.

హోఫ్‌బ్రాయ్‌హౌస్‌లో పొడవాటి బల్ల దగ్గర ఖాళీ దొరికిన చోట, ముక్కూ మొహం తెలియని వారి మధ్య ఇరుక్కుని కూర్చోవాలి. నిత్యం వచ్చే స్థానికులకు ప్రత్యేక బల్లలున్నాయి. వారి కప్పులను ఇనుప అరల్లో పెట్టి తాళం వేసుకుంటారు. బ్యాంకు లాకరులో బంగారం దాచుకునే వారికి ఈ విలువలు తేలిగ్గానే అర్థమవుతాయి. లీటరు పట్టే గాజు మగ్గు ఖాళీగానే కిలో పైన బరువు. అలాంటివి పదేసి ఒక్కసారిగా గుండెలకు ఆనించుకుని వడ్డించే ఆడమనిషి వస్తుంటే, పక్కకు తప్పుకోవడమే తెలివి. మగ్గు మీద లీటరు గీత ఉంటుంది, నురగ దానికి పైన ఉండాలి. నురగతో నింపి బీరు తగ్గిస్తున్నారేమోనని కాపు కాసే వినియోగదారుల సంఘం కూడా ఆ ఊళ్లో ఉంది. పౌరస్పృహ అంటే అదీ. మగ్గులు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడాలి, చూడకపోతే అరిష్టం. ఇదీ సంప్రదాయమే, యూరప్‌లో ఉంది కనుక.

తోలు నిక్కర్ల గురించి ఎక్కువ చెప్పను. కొండల్లో కష్టజీవులు కట్టుకున్న గుడ్డను రాజులు ముచ్చటపడి తొడిగారు, ఇప్పుడు పర్యాటకులు తొడుగుతున్నారు. మోకాళ్లు అందరివీ చూడదగ్గవి కావు.

ఈ యాత్రలో వ్యంగ్యానికి లొంగనిది ఒక్కటే దొరికింది, చెట్ల కింద బీరు తోటలు. పూర్వం అగ్నిప్రమాదాల భయంతో ఎండాకాలం బీరు కాచడాన్ని నిషేధించారు. చలికాలంలో కాచినదాన్ని నేలమాళిగల్లో దాచి, పైన నీడకు చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఎండకు జనం ఆ చెట్ల కిందికే చేరి తాగడం మొదలుపెడితే, బేరాలు పోయిన పూటకూళ్లవారు రాజుకు మొర పెట్టుకున్నారు. 1812లో రాజు మాక్స్ జోసెఫ్ తీర్పు చెప్పాడు. తోటల్లో బీరు అమ్ముకోవచ్చు, రొట్టె తప్ప తిండి అమ్మకూడదు. దాంతో జనం ఇళ్ల నుంచి మూటలు కట్టుకుని రావడం అలవాటైంది. తిండి అమ్మకం మీద నిషేధం పోయి ఎంతో కాలమైంది, మూట తెచ్చుకునే హక్కు మాత్రం నిలిచింది. 1995లో ఊరి చివర ఒక తోటను రాత్రి తొమ్మిదిన్నరకే మూసేయాలని కోర్టు ఆదేశిస్తే, మే 12న 20 వేల మందికి పైగా వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం దిగొచ్చింది. 1999 నాటి బవేరియా నిబంధనల ప్రకారం తోటలు రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండవచ్చు. రాజు తీర్పును జనం తమ హక్కుగా మార్చుకున్న ఈ ఒక్క చోట నేను టోపీ తీశాను. కొన్నది కాదు, ఎండకు పెట్టుకున్నది.

కాబట్టి మ్యూనిక్ వెళ్లే తెలుగువారికి నా సిఫారసు ఏమిటంటే, పులిహోర కలుపుకుని వెళ్లండి. బల్ల మీద గుడ్డ పరవని వైపు కూర్చుంటే ఎవరూ అడ్డు చెప్పరు, పక్కనున్న ముసలాయన చుట్టలుగా తరిగిన తన ముల్లంగిని మీ ముందుకు జరిపినా జరుపుతాడు. ఆవకాయ కూడా చట్టబద్ధమే. తాగేది మాత్రం అక్కడే కొనాలి కనుక, ఫ్లాస్కులో మజ్జిగ తీసుకెళ్లడం నేరం కిందికి వస్తుంది. మరి పెరుగన్నం బాగా పలచబడితే అది భోజనమా, పానీయమా అన్న విషయం మీద మాక్స్ జోసెఫ్ ఏమీ సెలవివ్వలేదు.