మహారాజశ్రీ రహస్య దస్త్రం గారికి, కోనసీమ నుంచి

మహారాజశ్రీ రహస్య దస్త్రం గారి దివ్య సముఖమునకు, కోనసీమ వాస్తవ్యుడొకడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయ కుశలోపరి. మా క్షేమ సమాచారాలు తమకు వేరే రాయనక్కరలేదు. మేము ఎవరి అరుగు మీద కూర్చుని ఏం మాట్లాడామో, ఏ పత్రిక తెప్పించుకున్నామో, ఎవరి పెళ్ళికి వెళ్ళి ఎవరి పెళ్ళి మానేశామో మాకన్నా తమకే బాగా గుర్తు.

నియంతలు పోతారు, విగ్రహాలు కూలుతాయి, వీధుల పేర్లు మారుతాయి. తమరు మాత్రం బీరువాలో చెక్కుచెదరకుండా కూర్చుని కొత్త యజమాని కోసం ఎదురుచూస్తారు. మా ప్రాంతంలో ఏ కార్యాలయానికి వెళ్ళి పాత కాగితం అడిగినా 1986 గోదావరి వరదలో తడిసిపోయిందనో, 1996 తుపానులో కొట్టుకుపోయిందనో చెబుతారు. శిస్తు రసీదు పోతుంది, పొలం పట్టా పోతుంది, పుట్టిన తేదీ రాసిన రిజిస్టరు పోతుంది. పౌరుడికి పనికొచ్చే కాగితానికి ఉన్న ఈ జలగండం పౌరుడి మీద రాసిన కాగితానికి ఎందుకు లేదో జ్యోతిష్కులే చెప్పాలి.

తమ వంశంలో ఘనత వహించిన శాఖ తూర్పు జర్మనీ రహస్య పోలీసు సంస్థ స్టాసీ వారిది. 1950లో పుట్టిన ఆ సంస్థలో 1989 నాటికి జీతం తీసుకునేవారు సుమారు 91,000 మంది, చాటుగా ఉప్పందించేవారు దాదాపు అంతకు రెట్టింపు మంది. వీరంతా కలిసి పోగుచేసిన కాగితాల పొడవు 111 కిలోమీటర్లు. ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి ఏటిగట్టు వెంట పేర్చుకుంటూ పోతే అంతర్వేదిలో సముద్రం అడ్డం వచ్చాక కూడా కొన్ని కట్టలు చేతిలో మిగిలిపోతాయి. కాగితాలతో తృప్తి చెందక, ప్రశ్నించడానికి పిలిపించిన మనిషి కూర్చునే కుర్చీ మీద గుడ్డ పరచి, అతని ఒంటి వాసన పట్టిన ఆ గుడ్డను గాజు సీసాలో పెట్టి మూత బిగించి, పోలీసు కుక్కల కోసం భద్రపరిచారు. మా ఇళ్ళలో జాడీల్లో మాగాయ ఊరుతుంది. అక్కడ సర్కారు వారి సీసాల్లో పౌరుడు ఊరాడు.

బెర్లిన్ గోడ కూలిన వెంటనే తమ సొంత మనుషులే తమరిని చించడం మొదలుపెట్టారు. యంత్రాలు మొరాయిస్తే చేతులతో చించారు. అది గమనించిన జనం 1989 డిసెంబరు 4న ఎర్ఫుర్ట్‌లోని స్టాసీ కార్యాలయంలోకి, 1990 జనవరి 15న బెర్లిన్ ప్రధాన కార్యాలయంలోకి చొరబడి చించడం ఆపించారు. అప్పటికే 15,000 గోతాలకు పైగా ముక్కలు పోగుపడ్డాయి. 1995 నుంచి ఆ ముక్కలను ఏరి, అంచుకు అంచు కలిపి అతికించే పని పెట్టుకున్నారు. తమరి మీద ఇంత ఆపేక్ష చూపినవారు తమరిని రాసినవారు కాదనీ, తమరిలో రాయబడినవారి తరఫువారేననీ తమరు గుర్తించాలి.

అప్పుడు పెద్దమనుషులు కొందరు, ఈ కట్టలు విప్పితే ఇరుగు పొరుగు కత్తులు దూసుకుంటారని బెదిరించారు. 1990 సెప్టెంబరులో ఉద్యమకారులు అదే భవనంలోకి మళ్ళీ దూరి నిరాహార దీక్షకు కూర్చోవలసి వచ్చింది. ఆ తరువాత 1991 డిసెంబరులో చట్టం వచ్చింది. 1992 జనవరి 2 నుంచి ఎవరి దస్త్రం వారు చదువుకోవడం మొదలైంది. చదివేవారి దస్త్రంలోని సంబంధం లేని ఇతరుల సొంత సంగతులపై నల్లసిరా పూస్తారు. తన మీద ఉప్పందించినవారి అసలు పేరు అడిగితే, తేలినంత మేరకు చెబుతారు. ఈ పనికి అధిపతిగా నియమించిన పాస్టరు యోఆఖిం గౌక్ 2012లో ఏకమైన జర్మనీకే అధ్యక్షుడయ్యారు. వేరా వోలెన్‌బెర్గర్ అనే ఉద్యమకారిణి, తన మాటలు మోసిన ‘డోనాల్డ్’ తన భర్తేనని తెలుసుకుని విడాకులు తీసుకున్నారు. కాపురాలు కూలాయి, స్నేహాలు చెడ్డాయి, కానీ పెద్దలు జోస్యం చెప్పిన కత్తులు మాత్రం ఒరల్లోనే ఉండిపోయాయి. ఆ కాపురాన్ని కూల్చింది చదివిన చెయ్యా, రాసిన చెయ్యా అన్నది పెద్దమనుషులు ఇంకా తేల్చలేదు.

అలాగని తమరు సత్యహరిశ్చంద్రులేమీ కారు. జీతం కోసం, పదోన్నతి కోసం, పొలం గట్టు తగాదా తీర్చుకోవడం కోసం కూడా తమరిలో రాయించినవారుంటారు. 2005లో పోలండులో పాత రహస్య పోలీసుల దస్త్రాల్లోని సుమారు 1,60,000 పేర్ల జాబితా ఒకటి బయటికి పొక్కింది. అందులో ఉద్యోగి ఎవరో, వేగు ఎవరో, వేగుగా పనికొస్తాడేమోనని పోలీసులు కన్నేసిన అమాయకుడెవరో విడదీసి చెప్పలేదు. తలుపు తెరవడమంటే బజారులో వెదజల్లడం కాదు.

గ్రీసు వారు జాతీయ సఖ్యత పేరిట 1989 ఆగస్టులో కోటిన్నరకు పైగా దస్త్రాలను కొలిమిలో పెట్టి దహనసంస్కారం చేశారు. ముందుగా కబురంపి ఉంటే రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో అస్థి నిమజ్జనం మేమే జరిపించేవాళ్ళం. గ్వాటెమాలాలో అసలు లేవన్న పోలీసు కాగితాలు 2005లో గబ్బిలాల మధ్య, బూజు పట్టి, కోట్ల పేజీలుగా దొరికాయి.

ఇక మా ఇంటి సంగతి. 1975 జూన్ 25 రాత్రి మొదలై 1977 మార్చి 21న ముగిసిన అత్యవసర పరిస్థితిని నియంతృత్వమని పిలిస్తే కొందరికి ఇప్పటికీ కోపం వస్తుంది గనుక, ఇరవై ఒక్క నెలల క్రమశిక్షణ అందాము. ఆ అతిక్రమణలను విచారించిన జస్టిస్ షా కమిషన్ నివేదిక మూడు భాగాలుగా వచ్చి, ప్రభుత్వం మారాక కంటికి కనబడడమే గగనమైంది. చివరికి పార్లమెంటు మాజీ సభ్యుడు ఎరా సెళియన్ తన దగ్గరున్న ప్రతిని 2010లో మళ్ళీ అచ్చు వేయించారు. అచ్చయిన నివేదికకే ఈ గతి పడితే, దాని వెనక ఉన్న తమ గతి ఎవరికెరుక? 2005 సమాచార హక్కు చట్టం వచ్చిందని సంబరపడితే, అందులోని 24వ సెక్షన్ నిఘా సంస్థలను పక్కకు తప్పించి, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల వరకు మాత్రం సందు వదిలింది.

కాబట్టి నా విన్నపం చిన్నది. అమలాపురంలో ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించి, ఆ ఇరవై ఒక్క నెలల నాటి మా డెల్టా కట్టలను అందులో రాయబడినవారికీ, వారు లేకపోతే వారి పిల్లలకూ చూపించండి. కుర్చీల మీద గుడ్డలు పరచవద్దు. నకళ్ళకు పేజీకి 2 రూపాయల చొప్పున రుసుము కట్టడానికి నేను సిద్ధమే గానీ, పై నుంచి కింది దాకా నల్లసిరా పూసిన పేజీలకు సగం ధర తీసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ నిఘాకు పాత్రుడైన కోనసీమ వాసి